తెల్లనార

జూన్ 9

చెంపతో కొలిచాడు. మా నారని ఆ మనిషి చెంపతో కొలిచాడు.

ఈ కోపం కాగితం మీద పెట్టకపోతే రేపు పొద్దున అమ్మ మీదకో అన్నం గిన్నె మీదకో పోతుంది. అందుకే రాస్తున్నాను. ఎవరూ చదవక్కర్లేదు.

నార కొనే ఏజెంటు జయరాం పొద్దున మా షెడ్డుకి వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు బయట వదిలి, కట్టలో నుంచి ఒక జడ లాగి, వెలుతురుకి పట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చివరికి కళ్లు మూసుకుని చెంపకి రాసుకున్నాడు. మా గుంపు ఆడవాళ్లంతా నార తీసే మిషన్ ఆపేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆయన నోటివైపే చూస్తూ నిలబడ్డారు.

"రెండో రకం" అన్నాడు.

అమ్మ ముఖం చూడలేకపోయాను. హనుమక్క నార అంటే గార్లదిన్నె నుంచి గుంతకల్లు దాకా పేరు. కత్తుల్లాంటి కిత్తనార ఆకు ఎవరి గట్టు మీద కోసినా ఒకటే, అమ్మ చేతిలో పడితే మాత్రం మల్లెపువ్వులా తెల్లబడుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది మొదటి రకమే. తాళ్ల వ్యాపారులు ముందు మా నారే అడుగుతారు.

"ఏం తక్కువైందన్నా?" అని అడిగాను.

"తెలుపు తగ్గిండాది."

"ఎంత తగ్గింది? దేంతో కొలిచినావు?"

నవ్వాడు. "నా కన్నే కొలత." తర్వాత నాతో కాదు, అమ్మతో అన్నాడు. "హనుమక్కా, నీ కూతురు రాయదుర్గంలో ప్యాంట్లు చెకింగ్ చేసి చేసి ఈడ మనుషుల్ని గూడా చెకింగ్ చేస్తాండాది."

అందరూ నవ్వారు. అమ్మ నన్నే కసిరింది. "గమ్మునుండు ఉమా. ఆయప్పకు తెలీదా, నీకు తెలుసునా?" పైగా లోపలికి పోయి ఆయనకి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మజ్జిగ!

జూన్ 12

ఒక పని చేశాను. చేసినందుకు ఏమాత్రం సిగ్గుపడటం లేదు.

పోయిన నెల ఆయనే మొదటి రకమని ఒప్పుకున్న లాటులో ఒక జడ అటక మీద మిగిలింది. ఇవాళ బండికి ఎత్తించడానికి వస్తే దాన్ని తీసుకెళ్లి చేతిలో పెట్టాను. "ఇది కొంచెం తెల్లగా ఉన్నట్టుంది, చూడన్నా" అన్నాను. వెలుతురు, ముక్కు, చెంప. అంతా అయింది. "ఇదీ రెండో రకమే" అన్నాడు.

"పోయిన నెల దీన్నే మొదటి రకమన్నావు" అన్నాను.

ఒక్క క్షణం కూడా తడబడలేదు. "నెల దినాలు మీ అటక మీద మసిలో ఉంటే తగ్గదా అమ్మా?" అన్నాడు.

ఆ మనిషికి నోరుంది, కన్ను లేదు. రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 13

అమ్మ ఈసారి నారని సౌడునీళ్లలో మూడుసార్లు నానబెడుతుందట. బట్టలు ఉడకబెట్టే సౌడు మన్నే, తొట్టిలో కలిపి అందులో వేస్తుంది. అవ్వ దగ్గర నేర్చుకున్న పని. ఇంకా తెల్లగా వస్తుందట. రానీ. అప్పుడు ఆ కన్ను ఏమంటుందో చూస్తాను.

జూన్ 21

ఎలిజబెత్ గారు వచ్చారు. బెంగళూరు రోడ్డు మీద కార్ల తలుపులకి లోపలి అట్టలు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. పాంటు చొక్కా వేసుకుని దిగితే మావాళ్లు ఏ ఆఫీసరో అనుకుని లేచి నిలబడ్డారు. గుత్తి దగ్గర ఊరట, నోరు తెరిస్తే మా మాటే.

ప్లాస్టిక్కులో కిత్తనార కలిపి అట్ట పోస్తారట. అట్ట తేలిగ్గానూ ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. అయితే ఒక కట్ట గట్టిగా, ఇంకో కట్ట పెళుసుగా వస్తే అట్ట పగులుతుంది.

"చెంపకు రాసుకుని చెప్పే రకాలు మాకొద్దమ్మా" అన్నారావిడ. ఎవరు చెప్పారో మరి! "పొడుగెంత, తేమెంత, చెత్తెంత, ఎంత బరువుకి తెగుతాది. ఈ నాలుగూ అంకెల్లో కావల్ల. ఎవరు చూసినా అదే అంకె రావల్ల."

నాకు ఆవిడని వాటేసుకోవాలనిపించింది.

ఆగస్టులో అనంతపురంలో మీటింగు. చుట్టుపక్కల నార తీసే గుంపులన్నీ వస్తాయి. ఆ రోజు ఆ నాలుగు అంకెలూ అందరూ కలిసి రాసుకుంటారు. వాటి ప్రకారం మొదటి రకంగా నిలబడిన గుంపు దగ్గర ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా నేరుగా కొంటుంది. నిలబడని వాళ్లు మళ్లీ జయరాం గడప దగ్గరే.

తెగే బరువు కొలవడం నేను చేసి చూపిస్తానన్నాను. రాయదుర్గంలో ప్యాంటు బొత్తాముకి కొక్కెం తగిలించి ఎంత బరువుకి ఊడుతుందో చూసేవాళ్లం. అదే పని నారకి చేయాలి. అన్ని గుంపుల నారా తెచ్చి చూడమన్నారు.

మొదటి రకం మాకే వస్తుంది. ఇంకెవరికి వస్తుంది?

జూన్ 24

షెడ్డు దూలానికి కొక్కెం. దానికి రెండు చెక్కముక్కలు, బోల్టులు. చెక్కల మధ్య నార పోచ. పోచలన్నీ ఒకే బరువు ఉండేలా కంసాలి కాటాలో తూచి తీస్తున్నాను. కింద ఇంకో జత చెక్కలకి బకెట్టు. బకెట్టులో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ పోవాలి, తెగినప్పుడు నీళ్లు తూచాలి.

మొదటి చెంబు పోయగానే అమ్మ వచ్చి పడింది. "బోరు ఆగిపోయి ఊరంతా ట్యాంకరు కోసం కొట్టుకుంటాంటే నువ్వు నీళ్లు పోసి ఆడుకుంటావా?"

నీళ్లు వద్దు సరే. ఎండిన వంకలో ఇసుకకి ఎవరూ కొట్టుకోవడం లేదు కదా. రెండు గంపలు తెచ్చి జల్లించి ఆరబోశాను.

జూన్ 27

కొక్కెం సరిగా లేదు.

నాలుగు గుంపుల నార వేలాడదీశాను. సరదాకి పాపన్న నార కూడా. పాపన్న రైలు కట్ట పక్కన గొర్రెలు కాస్తూ అక్కడి కిత్తనార కోసి చేత్తోనే గీకే ముసలాయన. దాని రంగు ఎలుక రంగు. ఆకు పచ్చ అక్కడక్కడా అలాగే అంటుకుని ఉంటుంది. జయరాం దాన్ని మూడో రకం అనడానికి కూడా చెంపకి రాసుకోడు, కాలితో చూపిస్తాడు.

పాపన్న నార తొమ్మిది కిలోలు మోసింది. మాది ఆరు దాటలేదు. అందరికంటే కింద.

కొక్కెం వాలుగా ఉంది, పోచ ఒక పక్కకి లాగుతోంది. రేపు సరిచేయాలి.

జూన్ 28

కొక్కెం సరిచేశాను. అదే వచ్చింది. ఇసుకలో తేమ ఉన్నట్టుంది.

జూన్ 30

ఎండబెట్టిన ఇసుక. అదే వచ్చింది. నేను తీసింది కట్ట కొసలో పోచ, కొసలు ఎప్పుడైనా పెళుసే. మా నారే గట్టిది.

జూలై 2

కట్ట నడిమి పోచ కూడా ఆరే.

మా నారే గట్టిదని రాశాను మొన్న. ఏ కొలతతో రాశాను?

ఎందుకో ఇవాళంతా రాయదుర్గం గుర్తొస్తోంది. మోకాళ్ల దగ్గర మందు కొట్టి, రాయి వేసి రుద్ది తెల్లగా చేసే ప్యాంట్లు. చూడ్డానికి ఎంత బాగుండేవో. కొన్ని ఉతికేసరికి సరిగ్గా ఆ తెల్లటి చోటే పిగిలిపోయేవి. ఇప్పుడది ఎందుకు గుర్తొస్తోందో తెలియదు.

జూలై 5

తొట్టిలో వేయకముందు ఒక గుప్పెడు నార దాచాను. ఒకే గట్టు, ఒకే రోజు కోసిన ఆకు, ఒకే మిషన్.

తొట్టిలో వేయని నార: ఎనిమిదిన్నర కిలోలు.

మూడుసార్లు నానబెట్టింది: ఆరే.

జూలై 6

వేరుశనక్కాయల డబ్బాలో చీమలు. పొద్దంతా దులుపుతూ కూర్చున్నాను. ఎండ మామూలే. వాన లేదు.

జూలై 8

చీమల గురించి రాసినంత మాత్రాన ఏదీ మారలేదు.

రాయదుర్గం నేను వదిలేసి వచ్చానని అందరికీ చెప్పాను, అమ్మకి కూడా. వదిలేయలేదు. తీసేశారు. తెల్లచేసిన మోకాళ్లు పిగులుతున్న లాటుకి నేను సరే అని ముద్ర వేయలేదు. సూపర్‌వైజరు వేయమన్నాడు, ఓనరు వేయమన్నాడు, పక్క టేబుల్ ఆమె కూడా "వేసేయవే, నీ సొమ్మేం పోతుంది" అంది. వేయలేదు. మరుసటి రోజు గేటు దగ్గరే ఆపేశారు. అది గొప్పగా చెప్పుకోవాల్సిన విషయం. అయినా ఇంటికొచ్చి అలిసిపోయానని, షిఫ్టులు పడలేదని చెప్పాను. ఉద్యోగం పోయిందంటే ఊళ్లో చులకనైపోతానని.

ఎవడివో ప్యాంట్ల విషయంలో అంత పంతం పట్టినదాన్ని. అమ్మ నార విషయంలో ఇసుకలో తేమ ఉందంటున్నాను.

తొట్టి సంగతి రేపు అమ్మకి చెప్పేస్తాను.

జూలై 9

చెప్పాను. అసలు ఇలా చెప్పకూడదేమో. పోచలు పక్కపక్కన వేలాడదీసి, ఇసుక పోసి, రెండూ తెగేదాకా నిలబెట్టి చూపించాను. పరీక్షలో పిల్లని నిలబెట్టినట్టు నిలబెట్టాను మా అమ్మని.

అమ్మ బకెట్టు వైపే చూస్తూ అంది.

"అంటే నేను ఇన్నాళ్లూ నార చెడగొడతాండానా?"

"సౌడు చెడగొడతాంది, నువ్వు కాదు."

"సౌడు దానంతటదే వచ్చి తొట్లో పడతాందా?"

అమ్మ తెగిన పోచ రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుంది.

"మీ అవ్వ ఒక్కపారి ముంచి తీసేది. కడిగేసేది. నేనూ అంతే. ఈ జయరామప్ప వచ్చినాంకనే, ఇంగా తెల్లగుంటే ఇంగా మంచిదనె. రెండు పార్లు జేస్తిమి. పక్కూరి వాళ్లు రెండు జేస్తే మేము మూడు జేస్తిమి." ముక్కలు నా ఒళ్లో పడేసింది. "ఇప్పుడు నువ్వొచ్చి తెలుపు గాదు, గట్టి గావల్లంటావు. రేపు ఇంగొకడొచ్చి వాసన గావల్లంటాడు. మేము ఎవురి మాట ఇనల్ల?"

"నా మాట వినొద్దు. బకెట్టు మాట విను" అన్నాను.

"నీ బకెట్టుకు నోరు పెట్టింది నువ్వే కదే" అని లేచి పోయింది. సాయంత్రం తొట్టిలో కొత్త నార వేసింది. నాకు కనబడేటట్టే వేసింది.

జూలై 10

ఒక్కపారి ముంచి తీసేది. నిన్న రాసింది మళ్లీ చదివాను. అంటే నారని పాడుచేసింది అవ్వా కాదు, అమ్మా కాదు. ఆయన చెంప! తెలుపే కొలత అన్నాక అందరూ తెలుపే చేశారు. గట్టిగా ఉందా అని అడిగినవాడు లేడు.

ఒళ్లు మండిపోతోంది.

జూలై 22

జయరాం వచ్చాడు. ఈ మధ్య మరీ తియ్యగా మాట్లాడుతున్నాడు. కొక్కెం, బకెట్టు చూసి మెచ్చుకున్నాడు. ఎవరి నార ఎంత మోసిందో చుట్టుపక్కల అప్పుడే పాకినట్టుంది.

"మీటింగుకి నన్నూ పిలిచినారు ఉమా. ఇన్నేండ్ల అనుభవం కదా. చూడు, నువ్వు నేను ఒకటే. మీ అమ్మ పేరు పోగూడదు. ఆరు కిలోలు చాలని రాపిద్దాం. మొదటి రకానికి తెలుపు కూడా ఉండల్లని రాపిద్దాం. హనుమక్క నార పైనే ఉంటాది, నీ మిషన్ మర్యాదా ఉంటాది. ఏమంటావు?"

వద్దనలేకపోయాను. ఎందుకంటే ఆయన చెప్పింది ఒక్క నిమిషం పాటు నాకు బాగానే అనిపించింది. తక్కిన గుంపుల నార ఎలాగూ ఆరు దాటుతోంది కాబట్టి వాళ్లూ ఒప్పుకుంటారు. తెలుపుంది కాబట్టి మేం పైన. అమ్మ మళ్లీ హనుమక్క. కొంచెం తెల్లగా, కొంచెం గట్టిగా. ఎవరికి నష్టం?

పాపన్నకి. ఆ అట్ట ఉన్న కారులో తలుపు పక్కన కూర్చున్న మనిషికి. ఆ తర్వాత, ఎక్కడో ఒక అట్ట పగిలి ఫ్యాక్టరీ "ఈ నారలే వద్దు" అన్న రోజున, మాకు.

అయినా ఒక్క నిమిషం బాగానే అనిపించింది. అది రాయకపోతే ఈ డైరీ ఎందుకు?

ఆగస్టు 2

రేపే. అమ్మ కూడా వస్తానంది. గుంపు లీడరు తనే కదా. పెళ్లికి పోయినట్టు నీలం చీర మడత విప్పి గాలికి వేసింది. తొట్టి గురించి ఇద్దరం ఎత్తడం లేదు.

ఆగస్టు 3

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. ఆరు ఊళ్ల గుంపులు, ఫ్యాక్టరీ తరఫున ఎలిజబెత్ గారు, ఏజెంట్లు. పాపన్న కూడా వచ్చాడు, గొర్రెలు ఎవరికో అప్పజెప్పి, తలగుడ్డ ఉతుక్కుని. పొడుగు అంకె అయిపోయింది. తేమ అయిపోయింది. చెత్త దగ్గర కాస్త గొడవ జరిగి అదీ అయిపోయింది. ఇక తెగే బరువు.

ఎలిజబెత్ గారు నావైపు చూశారు. ఫ్యాక్టరీ మిషన్ మీద కూడా పోచలు తెంపి చూశారట, నా బకెట్టు అంకెలతో సరిపోయాయట. "అట్టకు ఎనిమిది కావల్ల. అయితే అందరూ ఒప్పుకుంటేనే రాసేది. ఒప్పుకోని ప్రమాణం గోడకు అంటించుకోవడానికే" అన్నారు.

జయరాం లేచాడు. "ఎనిమిది అంటే శానా గుంపులు బయటకు పోతారు మేడం. ఆరు పెట్టండి. దాంతోపాటు తెలుపు కూడా చూడండి. మా హనుమక్క నార చూసినారా? మల్లెపువ్వు. ఆయమ్మ కోసమే చెప్తాండా నేను."

హాలంతా తలలాడించింది. ఆరు అందరికీ సులువు. ఎలిజబెత్ గారు పెన్ను తెరిచారు. ఆవిడ ముఖంలో ఇష్టం లేదు. అయినా తెరిచారు.

అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. నేను అటు తిరగలేదు. తిరిగితే లేవలేనని తెలుసు.

లేచాను. "ఆరు వద్దు. ఎనిమిదే రాయండి. తెలుపు అసలు రాయొద్దు" అన్నాను.

"ఎందుకమ్మా? మీకే కదా మంచిది?" అన్నారెవరో.

"మా నార ఆరుకి తెగింది. అందరి నారలోకీ మాదే మొదట తెగింది. తెలుపు కోసం సౌడులో మూడుసార్లు నానబెట్టి తెగేటట్టు చేసుకున్నాం. ఇప్పుడు తెలుపే రాస్తే రేపు మీరూ అదే చేస్తారు. పాపన్న నార ఎలుక రంగులో ఉంది. తొమ్మిది మోసింది. ఇన్నేళ్లూ దాన్ని కాలితో చూపించారు." నా గొంతు నాకే వినబడుతోంది, కొత్త మనిషి గొంతులా. "ఇంకొకటి కూడా రాయండి. ఎవరి నారైనా తప్పితే, తప్పిందని చెప్పి ఊరుకోకూడదు. ఎంత తప్పిందో చూపించాలి. ఇన్నేళ్లలో మాకు ఒక్కరూ చూపించలేదు. రెండో రకం అన్నారు, పోయారు."

జయరాం పళ్లికిలించాడు. "చూసినారా, సొంత అమ్మనే..."

"అవును, సొంత అమ్మనే" అన్నాను. "అమ్మ కాకపోతే ఇంత బాధ నాకెందుకు?"

ఏడ్చాను. ఏడుస్తానని అనుకోలేదు. ఏడుస్తూనే నిలబడ్డాను, కూర్చోలేదు.

అప్పుడు పాపన్న లేచాడు. తనని మెచ్చుకున్నందుకేమో అనుకున్నాను. "నాకొక అనుమానం మేడం. నా నార్లో చెత్త ఎక్కువన్నారే. అది ఎంతుండల్ల? దువ్వుకుంటే సరిపోతాదా?" అని అడిగాడు. ఎలిజబెత్ గారు చెప్పారు. ఆయన వేళ్లు మడిచి గుర్తుపెట్టుకున్నాడు. ఆ తర్వాత రాయదుర్గం వైపు గుంపు ఆడమనిషి ఒకామె "మాది ఏడున్నర వస్తాంది. మాకు టైమిస్తారా?" అంది. ఇస్తామన్నారు. దీపావళి లోపల ప్రతి గుంపుకీ మూడు లాట్లు. మూడింట్లో ఒకటి నిలబడినా చాలు.

ఎనిమిది రాశారు. తెలుపు రాయలేదు. ఎంత తక్కువో చూపించాలన్నదీ రాశారు.

గెలిచాను. బస్సులో అమ్మ నా పక్కన కూర్చోలేదు. డ్రైవరు వెనక సీటులో, కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. నీలం చీర కొంగు గాలికి ఎగురుతున్నా లాక్కోలేదు.

ఆగస్టు 4

చేసింది తప్పు కాదు.

ఆగస్టు 7

చేసింది తప్పు కాదు. అమ్మ అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు. గుంపు ఆడవాళ్లు నన్ను చూసి మిషన్ చప్పుడు పెంచుతున్నారు. పెంచుకోండి. నేనూ గట్టిగానే మాట్లాడగలను.

ఆగస్టు 11

తొట్టి పక్కన నుంచి వెళ్తుంటే అమ్మ వెనక నుంచి అడిగింది. ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట.

"రాయదుర్గంలో నిన్ను తీసేసిరంట కదా. నువ్వే వదిలేసినావనుకుంటిని."

ఎవరు చెప్పారో. బహుశా ఆ మీటింగుకి వచ్చిన రాయదుర్గం ఆమె. ముద్ర సంగతి అంతా చెప్పాను.

అమ్మ తొట్టిలో కర్ర తిప్పుతూనే ఉంది. "అది అప్పుడే చెప్పుంటే పొయ్యేది కదే. నేను ఊరంతా చెప్పుకునేదాన్ని" అంది.

అంతే. అది చాలా రోజులకి సరిపోయే మాట.

ఆగస్టు 17

తొట్టి బోర్లించి ఉంది. దాని మీద ఎండుమిరపకాయలు ఆరబోసింది. నేను అసలు అటు చూడనట్టే నడిచాను.

ఆగస్టు 18

సౌడు లేకుండా తీసిన నార పసుపుగా ఉంది, కొంచెం పచ్చివాసన. గుంపులో ఒకామె "ఇది నారా, గడ్డిపోచా?" అంటే అమ్మ "మొగం చూసి పెండ్లి చేసుకునేదానివి, నీకేం తెలుస్తాది" అంది. షెడ్డంతా నవ్వులు. మళ్లీ మా అమ్మ.

ఆగస్టు 30

తొలి లాటు.

ఎలిజబెత్ గారు వచ్చారు. పోచలు మేమెవరం తీయకూడదని రాసుకున్నాం కాబట్టి ఆవిడే ముఖం అటు తిప్పుకుని కట్టల్లో చెయ్యి పెట్టి మూడు పోచలు తీశారు. జయరాం "ఇట్ల పోతాంటి, చూసి పోదామని" అంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇవాళ ఎవరూ మజ్జిగ ఇవ్వలేదు.

ఎనిమిది కిలోల ఇసుక ముందే తూచి పళ్లెంలో పెట్టుకుంటాం. ఆ పళ్లెం ఖాళీ అయ్యేదాకా పోచ తెగకపోతే నిలబడినట్టు. మూడు పోచలూ నిలబడాలి.

మొదటిది నిలబడింది. పళ్లెం దులిపి చూపించాను. రెండోది నిలబడింది. ఆడవాళ్లు పళ్లెం దగ్గరికి జరిగారు. మూడోది పోస్తూ పోస్తూ ఉంటే పళ్లెంలో ఇసుక తరిగిపోయి అడుగు కనబడుతోంది. ఇంకొక్క విసురు చాలు అనుకున్నాను. టప్పుమని తెగింది. బకెట్టు కిందపడి ఇసుక అమ్మ కాళ్ల మీదకి చిమ్మింది.

జయరాం గట్టిగా చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "రెండో రకం! నేను జూన్‌లోనే చెప్తి కదా హనుమక్కా. ఇంత గలాటా చేసి యాడికొచ్చినారు? ఆడికే వచ్చినారు."

నిజమే కదా, అదే మాట. అదే షెడ్డులో అదే రెండో రకం. నా చేత్తో నేనే రాయాలి.

అమ్మ కాళ్ల మీది ఇసుక దులుపుకుంది. "నువ్వు చెప్పినావప్పా, కాదనలేదు. ఎంత తక్కువో చెప్పినావా?" అంది.

ఆయన జవాబు కోసం ఆగకుండా నావైపు తిరిగింది.

"ఉమా, ఎంత తక్కువ?"

పళ్లెం తెచ్చి ముందు పెట్టాను. మిగిలిన ఇసుక అడుగున ఒక పక్కకి చేరి ఉంది. అమ్మ దాన్ని ఊడ్చి అరచేతిలోకి తీసుకుంది. చేరెడు కూడా లేదు. దాన్నే చూస్తూ నిలబడింది. మావాళ్లంతా చుట్టూ చేరి తొంగి చూశారు.

"ఇంతేనా?"

"ఇంతే."

కింద పడిన పోచ ఎత్తి వేళ్ల మధ్య నలిపింది. "ఇది లోపలాకు. లేతది. లాటు తొందరగా కావల్లని బయటాకుతో కలిపి కోసేస్తిమి. బయటాకు మాత్రమే కోసింటే నిలబడేది." ఎలిజబెత్ గారి వైపు తిరిగింది. "ఇంగా రెండు లాట్లు ఉండాయి కదమ్మా?"

"ఉన్నాయక్కా."

"అట్లయితే రాసుకో ఉమా. రెండో రకమనే రాయి. ఎంత తక్కువో గూడా రాయి."

రాశాను. ఇన్నేళ్లలో ఆ మాట వినగానే మా షెడ్డులో ఎవరి ముఖమూ వాడిపోకపోవడం ఇదే మొదటిసారి. జయరాం చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అమ్మ ఆ ఇసుకని బకెట్టులో వేయలేదు. కొంగు చివర పోసుకుని ముడి వేసుకుంది. కొడవలి తీసుకుని ఆడవాళ్లని కేకేసి గట్టు మీదికి పోయింది. నేను కొక్కేనికి నూనె రాసి, వంకకి పోయి ఇంకో గంప ఇసుక తెచ్చాను.